పాత చేయి, కొత్త పడవ

మొదటి మలుపులోనే నా కుడిచెయ్యి నన్ను ముంచినంత పని చేసింది.

న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ నగరానికి ఉత్తరాన వైమకరిరి అనే నది ఉంది. మన గోదావరిలా నిండుగా, ఒకే ఒరవడిగా సాగే నది కాదది. కొండల మీంచి కొట్టుకొచ్చిన గులకరాళ్ళ మధ్య, విప్పేసిన జడపాయల్లా విడిపోతూ కలుస్తూ పారుతుంది. ఇవాళ చూసిన పాయ రేపు వరదొచ్చి తీశాక అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు. చాలాచోట్ల నీళ్ళు మోకాలి దాకా కూడా రావు. ఆ నదిలోకి వెళ్ళాలన్న కోరికతోనే నేను పంకా (ప్రొపెల్లర్) పడవ అమ్మేసి, పాత జెట్ బోటు ఒకటి కొన్నాను.

పడవ నాకు కొత్త కాదు. చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో మా మేనమామ ఇంజన్ పడవ అమరంలో కూర్చుని చుక్కాని పట్టడం నేర్చుకున్నాను. ఈ దేశం వచ్చాక ఎనిమిదేళ్ళు లిటిల్టన్ రేవులో ఔట్‌బోర్డ్ ఇంజన్ పడవ మీద చేపలు పట్టాను. ఆ ధీమాతోనే జెట్ ఎక్కాను. పక్క సీట్లో జెట్ బోటు క్లబ్బులో తలపండిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. పడవ నీటి మీద తేలిపోతూ వెళుతోంది. మలుపు తిరగ్గానే ఎదురుగా గులకరాళ్ళ తిన్నె కనిపించింది. నేను ఆలోచించలేదు. చెయ్యే పని చేసింది. థ్రాటిల్ వెనక్కి లాగి, స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పాను.

పడవ తిరగలేదు. స్టీరింగ్ అనే వస్తువే లేనట్టు నేరుగా వెళ్ళి తిన్నె ఎక్కి కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెద్దాయన నింపాదిగా దిగి, పడవ అడుగు ఒకసారి చూసి అన్నారు: “థ్రాటిల్ తీసేశావు. దాంతోపాటు చుక్కాని కూడా తీసి నీళ్ళలో పారేశావు.”

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. కొత్త పని నేర్చుకోవడం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. కానీ మనం బాగా నేర్చుకున్న పాత పనే కొత్తచోట అడ్డం తిరిగితే ఏం చేయాలన్నది వేరే పాఠం. పంకా నుంచి జెట్‌కు మారినవాళ్ళు ఆ పాఠాన్ని రాళ్ళ మీద నేర్చుకుంటారు. మీరు కుర్చీలో కూర్చుని నేర్చుకోవచ్చు.

తేడా ఎక్కడుంది?

పంకా పడవలో రెండు పనులు విడివిడిగా జరుగుతాయి. పంకా పడవను తోస్తుంది, చుక్కాని తిప్పుతుంది. ఇంజన్ ఆపేసినా పడవ కొంతదూరం జారుతూనే ఉంటుంది. ఆ జారుడులో నీరు చుక్కాని పక్కనుంచి పారినంతసేపూ అది పని చేస్తుంది. రేవు దగ్గరకొస్తుంటే మామయ్య ఇంజన్ ముందే ఆపేసి, ఒట్టి చుక్కానితో పడవను రేవుకు ఒద్దికగా తెచ్చి ఆనించడం వెనక ఉన్న లెక్క ఇదే. ఔట్‌బోర్డ్‌కు వేరే చుక్కాని ఉండకపోయినా, నీళ్ళలో మునిగి ఉండే దాని కాలు కొంతవరకు ఆ పని చేస్తుంది.

జెట్‌లో నీళ్ళలోకి వేలాడేదేమీ లేదు. పడవ అడుగున ఒక జాలీ ఉంటుంది. దాని గుండా లోపల తిరిగే ఇంపెల్లర్ నీటిని పీల్చి, ఒత్తిడి పెంచి, వెనకనున్న నాజిల్ లోంచి ధారగా చిమ్ముతుంది. ధార వెనక్కి పోతుంటే పడవ ముందుకు పోతుంది. స్టీరింగ్ తిప్పితే ఆ ధార పక్కకు తిరుగుతుంది, పడవ ముక్కు తిరుగుతుంది. వెనక్కి రావాలంటే ధారకు అడ్డంగా బకెట్ అనే మూత దిగుతుంది. అప్పుడు ధార ముందువైపుకు మళ్ళి పడవను వెనక్కి లాగుతుంది. ముందుకు పోవడం, తిరగడం, ఆగడం, వెనక్కి రావడం అన్నీ ఆ ధారతోనే. ధార ఆగితే పడవ దుంగతో సమానం.

ఇంకో సంగతి ఉంది. వేగంలో ఉన్న జెట్ బోటు నీటి పైకి లేచి జారుతుంది. అలా లేచి ఉన్నప్పుడు చిన్న పడవకు జానెడు లోతు కూడా అక్కర్లేదు. థ్రాటిల్ తీయగానే అది నీళ్ళలోకి దిగబడుతుంది, ఎక్కువ లోతు అడుగుతుంది. అంటే ఆ మలుపు దగ్గర నేను ఒకే కదలికతో రెండు తప్పులు చేశాను. దారి మార్చే శక్తి పోగొట్టుకున్నాను, తక్కువ నీళ్ళున్నచోటనే ఎక్కువ నీళ్ళు కావాలన్నాను.

నా చెయ్యి మూర్ఖంగా ప్రవర్తించిందా? లేదు. అది లిటిల్టన్‌లో ఎనిమిదేళ్ళు నన్ను కాపాడిన చెయ్యి. ‘భయమేస్తే వేగం తగ్గించు’ అన్న దాని పాఠం ఆ పడవకు నూటికి నూరుపాళ్ళు సరైనది. పడవ మారిందని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

హామిల్టన్ మార్చిన జానెడు

ఈ పడవ పుట్టింది కూడా ఇలాంటి నదుల కోసమే. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో మెకెంజీ ప్రాంతపు ఐరిష్‌మన్ క్రీక్ అనే గొర్రెల క్షేత్రానికి యజమాని బిల్ హామిల్టన్. 1899లో పుట్టారు. యంత్రాలంటే పిచ్చి. క్షేత్రంలోనే వర్క్‌షాపు పెట్టుకుని కావలసినవి సొంతంగా తయారు చేసుకునేవారు. తమ ప్రాంతపు నదుల్లో పంకా పడవ పనికిరాదు. రాయి తగిలితే రెక్క విరుగుతుంది. అందుకని 1950ల మొదట్లో నీటిని చిమ్మే పడవ కోసం ప్రయత్నాలు మొదలుపెట్టారు.

నీటిని పీల్చి చిమ్మితే పడవ నడుస్తుందన్న ఆలోచన ఆయన సొంతం కాదు. అది అంతకు ముందే ఉంది, అమెరికాలో అలాంటి యూనిట్ తయారైంది కూడా. హామిల్టన్ మొదటి నమూనాలో ధార పడవ అడుగున, నీళ్ళలోనే బయటికొచ్చేది. 1954లో పరీక్షించినప్పుడు దాని వేగం గంటకు 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన నాజిల్‌ను కొంచెం పైకి జరిపి, ధార నీటిమట్టానికి పైన గాలిలోకి వచ్చేలా పెట్టారు. పడవ కింద వేలాడే అడ్డు పోయింది, వేగం పెరిగింది. ఇప్పటి జెట్ బోట్లన్నీ ఆ జానెడు మార్పు మీద నడుస్తున్నవే.

1960లో ఆయన పడవలు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నదికి ఎదురెక్కాయి. అంతవరకు ఆ లోయ గుండా ఏటి వాలుకు దిగినవాళ్ళే తప్ప ఎదురెక్కినవాళ్ళు లేరు. 1974లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది, 1978లో కన్నుమూశారు.

మారాలనుకునేవాళ్ళు ఇందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది. హామిల్టన్ ‘కొత్తది కావాలి’ అని బయల్దేరలేదు. ‘మా నదిలో ఈ పడవ నడవడం లేదు’ అని బయల్దేరారు. ఆయనకు ముందు నది కనిపించింది, తర్వాతే యంత్రం.

మారే ముందు: మీ నది ఏది?

జెట్ మెరుపులు చూసి మోజుపడి కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా అమ్మేయడం చూశాను. ఆ తప్పు మీరు చేయకుండా ముందు లెక్క చూసుకోండి.

జెట్ ఖర్చు ఎక్కువ. తక్కువ వేగాల్లో పంకాతో పోలిస్తే అది చాలా ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఔట్‌బోర్డ్‌కు పంకా తీసి జెట్ కాలు తగిలిస్తే ఇంజన్ బలంలో దాదాపు 30 శాతం పోతుందని లెక్కవేసుకోవాలి. 40 గుర్రాల ఇంజన్ కొని 28 గుర్రాల పని చేయించుకున్నట్టు. బరువు ఎక్కించితే జెట్ త్వరగా అలిసిపోతుంది. నిదానంగా పోతుంటే ముక్కు అటూఇటూ ఊగుతుంది. నాచు, చెత్త ఉన్న నీళ్ళలో జాలీ మూసుకుపోతుంది.

వీటన్నిటికీ బదులుగా జెట్ ఇచ్చేది: పంకా పడవ వెళ్ళలేని తక్కువ నీళ్ళలోకి వెళ్ళగలగడం, విరగడానికి కింద ఏమీ లేకపోవడం, ఈతగాళ్ళ దగ్గర తిరిగే రెక్కల ప్రమాదం లేకపోవడం, బకెట్ దించితే కొద్ది దూరంలోనే ఆగగలగడం. మీరు తిరిగేది లోతైన చెరువులోనో, రేవులోనో, సముద్రంలోనో అయితే ఈ లాభాల్లో చాలావాటికి మీకు పనే ఉండదు. ఖర్చు మాత్రం మిగులుతుంది.

మన నౌకాదళం ఈ లెక్కను ఎలా వేసిందో చూడండి. విశాఖపట్నం పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం 163 మీటర్ల డిస్ట్రాయర్, మహాసముద్రాల్లో తిరిగేది. దాన్ని నడిపేవి పంకాలే. 2025 జూన్ 18న అదే విశాఖ నావల్ డాక్‌యార్డులో దళంలో చేరిన ఐఎన్ఎస్ అర్నాల 77 మీటర్ల నౌక. తీరం దగ్గర, తక్కువ లోతులో జలాంతర్గాముల్ని వెతకడం దాని పని. దానికి పెట్టినవి వాటర్ జెట్లు. రెండూ ఒకే దళానివే. ఏది మెరుగన్న ప్రశ్న అక్కడ రాలేదు, ఏ నీళ్ళకు ఏది అన్న ప్రశ్నే వచ్చింది.

కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఇప్పుడున్నదానితో నేను చేరలేకపోతున్న చోటు ఏది? ఆ చోటికి నెలకు ఎన్నిసార్లు వెళతాను? దానికోసం ఇప్పుడు హాయిగా చేస్తున్న వేటిని వదులుకోవాలి? మొదటి ప్రశ్నకు జవాబుగా చోటు పేరు రాకుండా ‘అందరూ మారుతున్నారు’ అని వస్తే, కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. మీ పంకా పడవ బంగారం.

వదిలేయాల్సిన అయిదు అలవాట్లు

చోటు పేరు వచ్చిందా? అయితే సాధన మొదలుపెడదాం. ‘పాతవన్నీ మరిచిపో’ అని సలహా చెప్పేవాళ్ళను నమ్మొద్దు. అన్నీ మరిచిపోవడం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. ఏవేవి వదలాలో పేరు పెట్టి రాసుకుంటే చాలు. జెట్ విషయంలో నా జాబితా ఇది.

*ఒకటి: భయమేస్తే థ్రాటిల్ తీయడం.* దీని బదులు: కళ్ళు ఖాళీ నీళ్ళ మీద పెట్టు, థ్రాటిల్ ఉంచు, స్టీరింగ్ తిప్పు. రాయి వంక చూస్తే చెయ్యి అటే పోతుంది. నిజంగా ఆగి తీరాల్సి వస్తే బకెట్ దించాలి. అది కూడా పడవలో అందరూ పట్టు చేసుకుని కూర్చున్నారని తెలిశాకే, ఎందుకంటే గట్టిగా ఆపితే పడవ ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. థ్రాటిల్ ఉంచమన్నానని ఎప్పుడూ పూర్తి వేగంతో పొమ్మని కాదు. తిరగడానికి సరిపడా ధార ఎప్పుడూ చేతిలో ఉండాలి. దారి కనబడని మలుపులోకి, ఆ ధార సరిపోనంత వేగంతో వెళ్ళకపోవడమే అసలు జాగ్రత్త.

*రెండు: లోతు తగ్గితే నెమ్మదించడం.* పంకా పడవలో ఇది పెద్దల మాట: నెమ్మదించు, ఇంజన్ ఎత్తు, గడ వేసి చూడు. జెట్‌లో లోతు తక్కువున్న పట్టును తేలుతూ దాటేయాలి, ఆగాల్సివస్తే లోతున్నచోటే ఆగాలి. ఎందుకంటే పడవ నీటి పైకి లేవడానికి కావలసిన లోతు, లేచాక పోవడానికి కావలసినదానికంటే ఎక్కువ. తక్కువ నీళ్ళలో ఆగితే మళ్ళీ లేవలేదు. పైగా అక్కడ ఇంజన్ ఆడిస్తే జాలీ గుండా గులకరాళ్ళు లోపలికి పోతాయి. ఇంపెల్లర్‌కూ దాని చుట్టూ ఉండే గొట్టానికీ మధ్య సందు చాలా సన్నం. రాళ్ళు అరగదీసి ఆ సందును పెంచితే ఇంజన్ అరుస్తుంది గానీ పడవకు ఊపు రాదు.

*మూడు: న్యూట్రల్ అంటే ఆగడం అనుకోవడం.* చాలా జెట్ బోట్లలో గేర్ ఉండదు. ఇంజన్ తిరిగితే ధార వస్తుంది. ‘న్యూట్రల్’ అంటే బకెట్‌ను సగం దించి, ముందుకు పోయే ధారనూ వెనక్కి లాగే ధారనూ సరితూచడమే. అందుకే అక్కడ కూడా స్టీరింగ్ కదిపితే పడవ తిరుగుతుంది. రేవుకు ఆనించేటప్పుడు థ్రాటిల్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉండకూడదు. దాన్ని ఓ మోస్తరుగా ఒకచోట ఉంచి, కదలికంతా బకెట్‌తో, స్టీరింగ్‌తో నడపాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది దీనికే. వేగం తగ్గించాలంటే ఇంజన్ తగ్గించాలన్నది అంత లోతుగా నాటుకుపోయింది.

*నాలుగు: చెవికి పాత అర్థాలే చెప్పడం.* పంకా రాయికి తగిలితే పడవంతా వణికి చెబుతుంది. జెట్ అలా చెప్పదు. ఇంజన్ మోత ఉన్నట్టుండి సన్నగా పైకి లేచి, ఊపు తగ్గిందంటే లోపల గాలో, నాచో, రాయో ఇరుక్కుందని అర్థం. ఇంజన్ ఆపితే ఒక్కోసారి చెత్త దానంతటదే జాలీ నుంచి విడిపోతుంది. విడిపోకపోతే తీయాలి. చెయ్యి పెట్టేముందు ఇంజన్ ఆపడమే కాదు, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి.

*అయిదు: కనబడని ప్రమాదాన్ని లేదనుకోవడం.* తిరిగే రెక్కలు బయట లేవు గనక జెట్ పిల్లలకు కూడా క్షేమం అంటారు. సగం నిజం. జాలీ పీలుస్తూనే ఉంటుంది. విడిచిన జుట్టు, వేలాడే తాడు, బట్ట కొంగు దాని దగ్గరికి వెళితే లాక్కుంటుంది. వెనక వచ్చే ధార మనిషిని గాయపరిచేంత బలమైనది. ఇంజన్ నడుస్తుండగా నీళ్ళలో ఎవరూ పడవ కిందికీ వెనక్కీ పోకూడదు. వాళ్ళు పైకెక్కేటప్పుడు ఇంజన్ ఆపి ఉండాలి.

వెంట తెచ్చుకోవాల్సినవి

జాబితా రెండోవైపు కూడా రాయండి. లైఫ్ జాకెట్ అలవాటు అలాగే ఉండాలి. నడిపేవాడు పడిపోతే ఇంజన్‌ను ఆపేసే తాడును ఒంటికి కట్టుకోవడం అలాగే ఉండాలి. ఎటు వెళుతున్నామో, ఎప్పటికి తిరిగొస్తామో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళడం, ఆకాశం వంక ఓసారి చూడటం, తాగి పడవ ఎక్కకపోవడం అన్నీ పాతవే. ఏవీ మారవు.

వీటికంటే విలువైన పాత చదువు ఒకటుంది: నీటిని చదవడం. వంపు తిరిగేచోట బయటి ఒడ్డు వైపు లోతు, లోపలి వైపు ఇసుక మేట. పైనుంచి కిందికి పోతూ చూస్తే, ఈటెమొనలా సన్నబడుతూ మొన దిగువకు చూపే నున్నటి నీరు దారి చూపిస్తుంది. మొన మనవైపుకు, అంటే ఎగువకు ఉంటే దాని దగ్గర రాయి ఉంది. ఇదంతా గోదావరి లంకల్లో గడ వేసేవాళ్ళకు పుస్తకం అక్కర్లేకుండా తెలిసిన విద్య. మామయ్య నేర్పిన ఆ చదువు వైమకరిరిలో మొదటిరోజే పనికొచ్చింది. జెట్‌లో దాన్ని మరింత త్వరగా చదవాలి, అంతే తేడా. ఇంజన్‌తో పాటు అలవాట్లు మారతాయి, నీటి స్వభావం మారదు. మీరు మారే ఏ పనిలోనైనా ‘ఇంజన్’ ఏది, ‘నీరు’ ఏది అని విడదీసి చూడగలిగితే సగం భయం పోతుంది.

చేతికి పాఠం చెప్పే పద్ధతి

తెలుసుకోవడం తలకు, అలవాటవడం చేతికి. ‘థ్రాటిల్ తీయకూడదు’ అని ఆ తిన్నె మీదే నాకు బోధపడింది. అయినా తర్వాతి రెండు వారాలూ చెయ్యి వెనక్కి లాగుతూనే ఉంది. పెద్దాయన నన్ను నదిలోకి పోనివ్వలేదు. ముందు లోతైన, ఖాళీగా ఉన్న చెరువుకు తీసుకెళ్ళారు.

మొదటిరోజు చేసింది ఒకటే పని: తప్పును కావాలని చేయడం. వేగంగా పోతూ థ్రాటిల్ పూర్తిగా తీసి, స్టీరింగ్ తిప్పి, ఏమీ జరగకపోవడాన్ని చూడటం. మళ్ళీ కాస్త థ్రాటిల్ ఇచ్చి, ముక్కు గిర్రున తిరగడాన్ని చూడటం. ఇరవైసార్లు చేయించారు. పదోసారికి భయం పోయింది, ఇరవయ్యోసారికి చేతికి నమ్మకం కుదిరింది. ప్రమాదం లేనిచోట తప్పు చేసి చూసిన చెయ్యి, ప్రమాదమున్నచోట దాన్ని గుర్తుపడుతుంది.

రెండోరోజు ఒక ఖాళీ డబ్బాకు తాడు కట్టి నీళ్ళలో తేలేశారు. అదే రాయి. దాని మీదికి పోతూ, చివరిలో థ్రాటిల్ ముట్టుకోకుండా పక్కకు తప్పుకోవాలి. ప్రతిసారీ నోటితో పైకి అనాలి: “చూపు, ధార, తిప్పు.” నవ్వొచ్చింది నాకు. కానీ నోరు మాట్లాడుతుంటే చెయ్యి తన ఇష్టారాజ్యం చేయలేదు. మూడోరోజంతా రేవు పని: తాడుకు, తేలే డబ్బాకు, చివరికి చెక్క వంతెనకు పడవను ఆనించడం. నాలుగోరోజు నదిలోకి వెళ్ళాం. అప్పుడు కూడా ముందు ఆయన నడిపారు, నేను నీటిని చదివి చెప్పాను.

ఈ వరస గమనించండి. లోతైన నీళ్ళు, ఉత్తుత్తి రాయి, నిదానం పని, ఆఖరున అసలు నది. మనలో చాలామంది అసలు నదితో మొదలుపెట్టి, తిన్నె ఎక్కాక ‘ఇది నావల్ల కాదు’ అంటాం.

నది బయట

జెట్ బోటు చూడనివాళ్ళకు కూడా ఈ కథ తెలిసిందే. పాత బుల్లెట్ నడిపినవాళ్ళను అడగండి. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. మిగతా బళ్ళలో తారుమారుగా ఉంటాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారినవాళ్ళు ఖాళీ రోడ్డు మీద బాగానే నడిపేవారు. గేదె అడ్డమొచ్చినప్పుడు మాత్రం కాలు బ్రేకనుకుని గేరు తొక్కేది. తీరిక ఉన్నంతసేపు తల నడుపుతుంది, తొందరొస్తే పాత కాలే నడుపుతుంది. పాత డీటీపీ కీబోర్డు మీద తెలుగును పరుగులెత్తించిన ఆపరేటర్లు యూనికోడ్‌కు మారినప్పుడు అనుభవించింది ఇదే. నెమ్మదిగా అయితే వచ్చేది, రాత్రి పేజీ వదలాల్సిన వేళకు వేళ్ళు పాత గదులే వెతికేవి.

నా ఉద్యోగంలోనూ ఈ తిన్నె ఎక్కాను. ఎన్నో ఏళ్ళు ఒంటిచేత్తో పని చేసుకుపోయి, పదిమందిని నడిపించే కుర్చీలోకి వచ్చాను. మామూలు రోజుల్లో అందరితో చక్కగా మాట్లాడేవాణ్ణి. గడువు మీదికొచ్చేసరికి తలుపేసుకుని అందరి పనీ నేనే చేయడం మొదలెట్టేవాణ్ణి. అది నా పాత పడవలో నన్ను గట్టెక్కించిన నేర్పు. కొత్త పడవలో నా మాటే ధార. నేను తలుపేసుకోగానే అది ఆగిపోయేది, పదిమందీ ఎటు తోస్తే అటు కొట్టుకుపోయేవారు. ఆ సంగతి గుర్తుపట్టాక ఒక నియమం పెట్టుకున్నాను: గడువు దగ్గరపడే కొద్దీ రోజుకు రెండుసార్లు అందరితో పది నిమిషాలు కూర్చోవడం. కంగారులో చేయాలనిపించేదానికి సరిగ్గా ఎదురుపని.

మీరూ ఈ వారం ఈ సాధన చేయండి. ఈ మధ్య మీరు మారిన పనో, ఊరో, బంధమో ఒకటి తీసుకోండి. అక్కడ కంగారు పుట్టినప్పుడు మీ చెయ్యి మొదట చేసే పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. అది ఏ పాత పడవలో నేర్చుకున్నదో దాని కింద రాయండి. ఆ పడవలో అది మిమ్మల్ని ఎలా కాపాడిందో కూడా రాయండి, పాతదాన్ని తిట్టుకుంటే అది వదలదు. ఆఖరున, ఈ కొత్త పడవలో ధార ఏది, ఏది ఆగిపోతే మీరు దుంగలా కొట్టుకుపోతారు అన్నది రాయండి. ఆ నాలుగో వాక్యమే మీ మొదటిరోజు సాధన.

పడవ వదలాల్సిన చోటు

1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం మూడు జెట్ బోట్లతో గంగాసాగర్ దగ్గర సముద్రం నుంచి గంగకు ఎదురుగా బయల్దేరింది. వాటి పేర్లు గంగ, కివీ, ఎయిర్ ఇండియా. హిమాలయాల్లోకి, పంకా పడవ ఊహకు కూడా అందని సుళ్ళలోకి అవి వెళ్ళాయి. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చింది. అక్కడ ఎంత థ్రాటిల్ ఇచ్చినా లాభం లేదు. పడవలు వదిలేసి పైకి నడిచారు. ఏ నేర్పుకైనా ఒక నందప్రయాగ ఉంటుంది. నాది ఎక్కడుందో నేను జెట్ ఎక్కిన మరుసటి ఏడాది తెలిసింది.

సంక్రాంతికి ఊరెళ్ళాను. మామయ్య ఇంజన్ పడవ ఇంకా నడుస్తోంది. “ఏరా అల్లుడూ, విమానం లాంటి పడవ నడుపుతున్నావంట, ఓసారి పట్టు చూద్దాం” అని చుక్కాని నా చేతికిచ్చాడు. గోదారి మధ్యలో అంతా బాగానే సాగింది. రేవు దగ్గరపడింది, పక్కనుంచి పంటు అడ్డొచ్చింది. నా చెయ్యి ఆలోచించలేదు. ఇంజన్ పెంచేసింది.

“ఒరేయ్, తగ్గించరా! రేవును గుద్దేస్తావా?” మామయ్య నా చేతిమీంచే పిడి లాగేశాడు. ఇంజన్ ఆగింది. నీళ్ళ మీద పడవ జారుకుంటూ పోతుంటే, చుక్కాని నా అరచేతిలో మెత్తగా తిరిగింది. అది ఇంకా పని చేస్తోంది. ఇంజన్ లేకుండా పని చేస్తోంది. ఒకప్పుడు నాకు బాగా తెలిసిన ఆ సంగతిని, ఏడాదిపాటు కష్టపడి నేనే మరిచిపోయాను.

రేవులో దిగాక మామయ్య పడవను కట్టేస్తూ అడిగాడు: “చిన్నప్పుడు బాగానే నడిపేవాడివి కదరా, ఏమయింది?”

“ఏ పడవలో ఉన్నానో చేతికి చెప్పడం మరిచిపోయాను మావయ్యా” అన్నాను.